ఎందుకైనా మంచిదని పంపే మెసేజ్

"నిజమో అబద్ధమో తెలీదు, ఎందుకైనా మంచిదని పెడుతున్నా." ఈ మాట తగిలించుకుని వచ్చే మెసేజ్ చూడని తెలుగు వాట్సాప్ గ్రూపు ఉండదు. పుకారు మనిషి ఆలోచనని ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగితే చాలు.

పంపేవాళ్లు గుడ్డిగా నమ్మేస్తారని మనం అనుకుంటాం. నమ్మలేదని వాళ్లే చెబుతున్నారు కదా! నమ్మకుండానే పంపుతున్నారు. ఎందుకంటే మనసు ఒక లెక్క వేసుకుంది. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారన్న వార్త నిజమై, నేను చెప్పకపోవడం వల్ల అక్క పిల్లాడికి ఏమైనా అయితే జీవితాంతం బాధే. అబద్ధమైతే పోయేదేముంది, ఒక్క మెసేజ్. చిన్నపిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఈ లెక్క ఇలాగే తేలుతుంది, అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఒక్కచోట మాత్రం తప్పింది. అబద్ధమైతే కలిగే నష్టం పంపినవాళ్లకి తగలదు. ఊళ్లోకి కొత్తగా వచ్చిన మనిషికి తగులుతుంది.

2018 వేసవి నుంచి తెలుగు రాష్ట్రాల్లో, పక్క రాష్ట్రాల్లో జరిగింది అదే. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని, బీహారీలని, పార్థీ గ్యాంగ్ అని ఫోటోలూ వీడియోలూ వాయిస్ మెసేజ్‌లూ ఊరూరా తిరిగాయి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో భిక్షాటనకి వచ్చిన సంచార కులానికి చెందిన ఐదుగురిని చంపారు. జులై 13న కర్ణాటక బీదర్ జిల్లాలో హైదరాబాద్‌కి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు జనం చేతిలో చనిపోయాడు. స్నేహితులతో వెళ్తూ దారిలో స్కూలు పిల్లలకి చాక్లెట్లు పంచడం అక్కడివాళ్లకి అనుమానమైంది. వాళ్లు కారెక్కి బయటపడ్డారు, కానీ కారు కంటే వాట్సాప్ ముందు వెళ్లింది. ముర్కి అనే ఊరు చేరేసరికి అక్కడి జనం దారి కాచి ఉన్నారు.

ఇక్కడ "పార్థీ" అన్న పేరు గురించి ఒక మాట చెప్పాలి. అది ఒక సంచార సమాజం పేరు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద వీళ్లతో సహా కొన్ని కులాలకీ తెగలకీ పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర పోలేదు. అలాంటి ముద్ర పడినవాళ్ల కోసం ఆ కాలంలో పెట్టిన స్టువర్టుపురం పేరు చెప్పగానే ఇప్పటికీ కొందరి మొహాల్లో ఏం మారుతుందో తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు. ఫోను ఈ భయాన్ని కొత్తగా పుట్టించలేదు. నూట యాభై ఏళ్లుగా ఎండి ఉన్న గడ్డి మీద పడింది.

ఇక మనసులో ఏం జరుగుతుందో చూద్దాం.

మొదటిది, పదేపదే వినడం. 1977లో అమెరికాలో హాషర్, గోల్డ్‌స్టీన్, టోపినో అనే పరిశోధకులు విద్యార్థులకి అరవై వాక్యాలు చొప్పున మూడుసార్లు, రెండు వారాల ఎడంతో వినిపించి, ఏది ఎంత నిజమనిపిస్తోందో గుర్తు పెట్టమన్నారు. కొన్ని వాక్యాలు మాత్రం మూడుసార్లూ వచ్చాయి. నిజమైనా అబద్ధమైనా, మళ్లీ మళ్లీ విన్న వాక్యాలకి నమ్మకం పెరుగుతూ పోయింది. తెలిసిన విషయమైతే ఇలా మోసపోం కదా అనిపిస్తుంది. 2015లో లీసా ఫేజియో బృందం దాన్నీ పరీక్షించింది. వాళ్లు వాడిన వాక్యాల్లో ఒకటి: స్కాట్లాండ్ వాళ్లు కట్టుకునే పొట్టి కుచ్చిళ్ల గౌను పేరు చీర. ఇలాంటి తప్పులు కూడా, సరైన జవాబు తెలిసినవాళ్లకి సైతం, రెండోసారి కనబడేసరికి కొంచెం ఎక్కువ నిజంగా అనిపించాయి. కారణం ఇది: ముందే చూసిన మాటని మెదడు సులువుగా చదివేస్తుంది, ఆ సులువునే నిజానికి గుర్తుగా తీసుకుంటుంది.

ఒకే వీడియో ఉదయం అపార్ట్‌మెంట్ గ్రూపులో, మధ్యాహ్నం పదో తరగతి స్నేహితుల గ్రూపులో, సాయంత్రం పిన్ని దగ్గర్నుంచి వస్తే ఏమవుతుందో ఇప్పుడు ఊహించండి. మూడు చోట్ల నుంచి వచ్చింది గనక ముగ్గురు సాక్షులున్నట్టు అనిపిస్తుంది. నిజానికి సాక్షి ఒక్కడూ లేడు, ఒక్క ఫైలు మూడు దారుల్లో వచ్చింది. ఫార్వర్డ్ చేసినప్పుడు మొదట ఎవరు పెట్టారో ఆ పేరు రాదు. ఆ ఖాళీలో పిన్ని పేరు కూర్చుంటుంది. పిన్ని మీద ఉన్న నమ్మకం మొత్తం ఆ వీడియోకి బదిలీ అయిపోతుంది. వార్తాపత్రికకైతే ఎవరు రాశారో కింద ఉంటుంది, రచ్చబండ కబురుకైనా చెప్పిన మనిషి ఎదురుగా ఉంటాడు. ఫార్వర్డ్‌కి రెండూ లేవు. ఈ డిజైన్‌లో అన్నిటికంటే పెద్ద లోపం ఇదేనని గట్టిగా అనిపిస్తుంది.

రెండోది, భయం వేగం. 2018లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వొసూఘీ, రాయ్, అరాల్ 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్లో తిరిగిన సుమారు 1,26,000 వార్తల్ని పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని ఇతరులు మళ్లీ పంచే అవకాశం 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి అబద్ధం కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది. అబద్ధాలకి వచ్చిన జవాబుల్లో ఆశ్చర్యం, భయం, అసహ్యం ఎక్కువ కనిపించాయి. ఆ వ్యాప్తికి తమంతట తాము పోస్టులు పెట్టే బాట్ ప్రోగ్రాముల కంటే మనుషులే ఎక్కువ కారణమని కూడా తేల్చారు. వాట్సాప్‌లో సందేశాలు పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి గనక బయటివాళ్లు అలా మొత్తం లెక్క తీయలేరు, కానీ మనిషి ఆ మనిషే.

మూడోది తక్కువమంది గమనించేది. నేనొక్కణ్నే భయపడితే తలుపేసుకుని పడుకుంటాను. గ్రూపులో రెండొందల మంది చూశారని నాకు తెలిసినప్పుడు, వాళ్లకీ తెలుసని నాకు తెలిసినప్పుడు, భయం ఊరి నిర్ణయంగా మారుతుంది. అనుమానం ఉన్న ఇరవై మంది నోరు మెదపరు. పెద్దవాళ్లు పెట్టారు, మనమేం అంటాం అనుకుంటారు. ఆ మౌనాన్ని మిగతావాళ్లు ఒప్పుకోలుగా చదువుకుంటారు. ఒంటరిగా ఎప్పుడూ చెయ్యెత్తని మనుషులు గుంపులో కర్ర పట్టుకోవడానికి దారి ఇక్కడే పడుతుంది.

2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి దీన్ని ముందే పట్టుకున్నారు. పట్టుకున్న తీరు గమనించదగ్గది. ఊళ్లు తిరిగే పోలీసులకి ఒక చిన్న మార్పు కనిపించింది. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు చూపించారు. సోషల్ మీడియా ప్రభావాన్ని కొలవడానికి యాప్ గణాంకాలే అక్కర్లేదు, వాకిట్లో మంచం ఉందా లేదా అన్నది కూడా కొలతే. ఆ తర్వాత పోలీసులు ఊరూరా మనుషుల్ని పంపి మాట్లాడించారు. డప్పు మీద, పాటల్లో, ఊరి నడిబొడ్డున ఈ పుకారు ఎలా పుట్టిందో చెప్పించారు. ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేరి, వచ్చింది వచ్చినట్టు అక్కడే ఖండించారు. ప్రకటన కాగితాలు అంటించి ఊరుకోకుండా, భయం ఏ దారిన వచ్చిందో ఆ దారినే, తెలిసిన గొంతుతో వెనక్కి వెళ్లారు. అందుకే అది పనిచేసిందని చెప్పగలను.

వాట్సాప్ చేసిన మార్పుల్ని త్వరగా చెప్పి ముందుకెళ్తాను. 2018 జులైలో "ఫార్వర్డెడ్" అన్న గుర్తు వచ్చింది. అదే నెలలో భారతదేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకే పంపే పరిమితి ప్రకటించారు, 2019 జనవరిలో అది ప్రపంచమంతటికీ వెళ్లింది. 2020 ఏప్రిల్ నుంచి ఎక్కువసార్లు తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. దాంతో అలాంటి మెసేజ్‌ల వ్యాప్తి 70 శాతం తగ్గిందని ఆ సంస్థ చెప్పింది. ఎవరికీ పాఠం చెప్పలేదు, ఎవరి నమ్మకాన్నీ మార్చలేదు, వేళ్లకి కొంచెం పని పెంచారంతే. సగం నమ్మకంతో పంపేవాళ్లు ఆ మాత్రం పనికే ఆగిపోయారన్నమాట.

ఇప్పుడు, అలాంటి వీడియో మీ ఫోన్‌కి వస్తే చేయాల్సింది. మూడు నాలుగు నిమిషాల పని.

ముందు బాణం చూడండి. ఒక బాణం ఉంటే ఫార్వర్డ్ అయింది. రెండు బాణాలుంటే మొదట పంపినవాళ్ల నుంచి కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. అయితే బాణం లేకపోతే కొత్తదని అర్థం కాదు. ఎవరో టెక్స్ట్‌ని కాపీ చేసి అతికించినా, వీడియోని ఫోన్‌లో దించుకుని మళ్లీ ఎక్కించినా గుర్తు పోతుంది.

తర్వాత రాతలో కాలం, చోటు చూడండి. "నిన్న రాత్రి", "మన పక్క ఊళ్లో", "మా బావమరిది కళ్లారా చూశాడు". ఈ మాటలు ఎప్పుడు చదివినా తాజాగా ఉంటాయి, ఏ ఊళ్లో చదివినా పక్క ఊరు ఉంటుంది. తేదీ, మండలం, పోలీస్ స్టేషన్ పేరు లేని హెచ్చరిక ఏ జిల్లాకైనా సరిపోయేలా కుట్టిన చొక్కా. "ఏ టీవీవాడూ చూపించడు" అన్న మాట కూడా ఉంటే, అడగబోయే ప్రశ్నకి ముందే తాళం వేశారన్నమాట.

వీడియోని ఒకసారి శబ్దం తీసేసి చూడండి. మనల్ని భయపడేలా చేసేది చాలాసార్లు వెనక మాట్లాడే గొంతూ సంగీతమూ. అవి లేకపోతే కళ్లు పని మొదలుపెడతాయి. బండి నంబరు ప్లేటు ఏ రాష్ట్రానిది, దుకాణం బోర్డు ఏ లిపిలో ఉంది, మనుషుల దుస్తులు మన ప్రాంతానివేనా. ముఖ్యంగా వీడియో ఎక్కడ ఆగిందో చూడండి. దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని లాక్కుపోతారు. అది కరాచీలో రోష్ని అనే సంస్థ పిల్లల భద్రత కోసం తీయించిన ప్రకటన. అసలు వీడియోలో వాళ్లు పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపి, పిల్లలు ఎంత తేలిగ్గా మాయమవుతారో హెచ్చరించే బోర్డు పట్టుకుంటారు. ఆ చివరి ముక్క కత్తిరించారు. జాగ్రత్త చెప్పడానికి తీసినది జనాన్ని చంపించడానికి పనికొచ్చింది.

ఫోటో అయితే, లేక వీడియోలోంచి రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీస్తే, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. బొమ్మ మీద ఉన్న తెలుగు రాతతో సహా వెతికితే అదే పుకారు ఉన్న పేజీలే వస్తాయి. రాతని క్రాప్ చేసి తీసేయాలి. రెండోది, పైన వచ్చిన మొదటి ఫలితం చూసి ఆగిపోవడం. మీకు కావలసింది అన్నిటికంటే పాతది. ధూలే ప్రాంతంలో తిరిగిన పిల్లల శవాల ఫోటోలు 2013లో సిరియాలోని ఘౌటాలో విషవాయువు దాడిలో చనిపోయిన పిల్లలవి. ఐదేళ్ల పాత తేదీ ఒక్కటి కనబడితే చాలు, మిగతా వాదనే అక్కర్లేదు. ఏమీ దొరక్కపోతే ఎడమ కుడి తిప్పి మళ్లీ వెతకండి, దొరక్కుండా ఉండాలని కొందరు బొమ్మని అద్దంలోలా తిప్పేస్తారు. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థలు తెలుగులోనూ నిజనిర్ధారణలు ప్రచురిస్తాయి, అక్కడా ఒకసారి చూడొచ్చు.

వాయిస్ మెసేజ్‌కి ఈ బొమ్మ వెతికే పద్ధతులేవీ పనికిరావు. అందుకే అది అన్నిటికంటే ప్రమాదం. పైగా గొంతులో మన యాస ఉంటుంది, పాలమూరు యాసలోనో సీమ యాసలోనో కంగారుగా మాట్లాడే మనిషి అబద్ధం చెబుతున్నాడని అనుకోలేం. అక్కడ ఒకటే ప్రశ్న: "ఇది మీకు ఎవరు పంపారు?" పంపినవాళ్లకి ఫోన్ చేసి అడగండి, వాళ్లు చెప్పిన మనిషిని కూడా అడగండి. రెండు మెట్లు దాటేసరికి "ఎవరో గ్రూపులో పెట్టారు" దగ్గర ఆగిపోతే, చూసినవాళ్లెవరూ లేరన్నట్టే తీసుకోండి.

అబద్ధమని తేలింది. ఇప్పుడు దాన్ని గ్రూపులో పెట్టిన బాబాయికి ఎలా చెప్పాలి? ఇది సాంకేతిక విషయం కంటే కష్టం. అందరి ముందూ "ఫేక్, ముందు చూసుకుని పెట్టండి" అంటే ఆయన వీడియోని వదిలేసి పరువు కాపాడుకునే పనిలో పడతారు. విడిగా రాయండి: "బాబాయ్, అది నాకూ వచ్చింది, భయమేసి వెతికాను. అది కరాచీలో పిల్లల జాగ్రత్త కోసం తీసిన ప్రకటనట, చివర్లో పిల్లాణ్ని వెనక్కి తెచ్చేస్తారు. పూర్తి వీడియో ఇదిగో. మీరే గ్రూపులో పెట్టండి, మీరు చెబితే అందరూ వింటారు." పెద్దరికం ఆయన దగ్గరే ఉంటుంది, దిద్దుబాటు కూడా మొదట పెట్టిన చేత్తోనే వస్తుంది. కానీ ఒక మినహాయింపు ఉంది. మెసేజ్‌లో ఫలానా మనిషి, ఫలానా కులం, ఫలానా బండి అని ఉంటే పరువు ముచ్చట పక్కన పెట్టి వెంటనే గ్రూపులోనే చెప్పండి. అక్కడ గంట ఆలస్యం కూడా ఎక్కువే.

"అది అబద్ధం" అని మాత్రం చెప్పి ఆపకండి. 1994లో జాన్సన్, సీఫర్ట్ చేసిన ప్రయోగంలో ఒక గోదాములో మంటల కథ చెప్పారు. గదిలో పెయింట్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయన్నారు, తర్వాత ఆ గది ఖాళీదేనని సరిదిద్దారు. సరిదిద్దిన సంగతి గుర్తున్నా, మంటలకి కారణం అడిగినప్పుడు జనం పెయింట్ల వైపే పోయారు. ఎవరో కావాలని నిప్పు పెట్టిన ఆధారాలు దొరికాయని ఇంకో కారణం ఇస్తే మాత్రం పాతదాన్ని చాలావరకు వదిలారు. మనసు ఖాళీని ఓర్చుకోలేదు, పాత కారణాన్ని తీస్తే అక్కడ పెట్టడానికి ఇంకోటి ఇవ్వాలి. "కరాచీ ప్రకటన" అన్న మాట పనిచేసేది అందుకే. ఖండించేటప్పుడు ఆ భయంకరమైన ఫోటోని మళ్లీ పెట్టొద్దు, ఇంకోసారి చూపించినట్టవుతుంది.

ఫోన్‌లో ఒక సెట్టింగ్ మార్చుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్ కింద మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటిలోనూ అన్ని టిక్కులూ తీసేయండి. వీడియో చూడాలంటే మీరే నొక్కాలి. ఆ క్షణం ఆగడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, 2021లో వెలువడిన పెనీకుక్, రాండ్ బృందం పరిశోధనలో ట్విట్టర్ వాడే 5 వేల మందికి పైగా మనుషులకి ఒక్క వార్తాశీర్షిక చూపించి ఇది నిజమేనా అని అడిగినందుకే, ఆ తర్వాత వాళ్లు పంచే వార్తల నాణ్యత మెరుగైంది. నిజం ముఖ్యమని జనానికి తెలుసు. పంపే క్షణంలో ఆ సంగతి గుర్తుకు రాదంతే.

అడ్మిన్ అయితే మీకు ఇంకో రెండు పనులు చేతిలో ఉన్నాయి. ఎవరి మెసేజ్‌నైనా అందరికీ తొలగించగలరు. పుకారు వేడి మీదుంటే గ్రూప్ పర్మిషన్స్‌లో మెసేజ్‌లు పంపే వీలు ఆ ఒక్క రాత్రికి అడ్మిన్లకే పరిమితం చేయగలరు. ముయ్యడానికి ముందు ఎందుకు మూస్తున్నారో రెండు వాక్యాలు రాయండి. ఏమీ చెప్పకుండా మూస్తే, ఏదో దాస్తున్నారన్న కొత్త పుకారు పక్క గ్రూపులో మొదలవుతుంది.

ఇక మెసేజ్ దాటి వ్యవహారం వీధిలోకి వచ్చేసి, కొత్త మనిషి చుట్టూ జనం చేరుతుంటే: ముందు అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. పిల్లల విషయం నిజంగానే అనుమానంగా ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. ఫోటో తీయొద్దు, తీసేవాళ్లని ఆపండి. ఆ ఫోటో పక్క ఊరికి వెళ్తే ఏమవుతుందో బీదర్‌లో చూశాం. పేరు, ఊరు, పని ఒక్కరే అడగండి, గొంతు తగ్గించి. హిందీయో మరాఠీయో మాత్రమే వచ్చినవాడు తెలుగు ప్రశ్నలకి తడబడటం తప్పు చేసిన గుర్తు కాదు. పోలీసులు వచ్చేదాకా పంచాయతీ ఆఫీసులో పెట్టి తాళం వేద్దామని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. రైన్‌పాడలో ఆ ఐదుగురినీ పంచాయతీ ఆఫీసు గదిలోకే తీసుకెళ్లారు, వాళ్లు చనిపోయింది ఆ గదిలోనే. దొరికిన బండిలో, ఊళ్లో మాట చెల్లే ఇద్దరు పెద్దమనుషుల్ని తోడిచ్చి, నేరుగా స్టేషన్‌కి పంపండి.